పెద్దాయన మీద అనుమానం వస్తే: గొడవకి ముందు చేసుకోవాల్సిన పనులు

గుంటూరులో మా పిన్ని ఆరు కాసుల నానుతాడు మెడలోంచి తీసిచ్చింది. తను వెళ్ళే సంఘం హాలుకి శ్లాబు వేస్తున్నారు, ఇనుముకి డబ్బు తక్కువ పడిందన్నారు. ఎనిమిది నెలలు గడిచినా హాలు మీద రేకులే ఉన్నాయి. ఒక శుక్రవారం రాత్రి అందరూ కూర్చున్నప్పుడు పిన్ని మామూలుగానే, "శ్లాబు ఎప్పుడు వేస్తారండీ?" అని అడిగింది. పెద్దాయన అప్పుడేమీ అనలేదు. మరుసటి శుక్రవారం మైకు పట్టుకుని, పేరు చెప్పకుండా, "ఇచ్చిన చేత్తోనే లెక్క అడిగేవాళ్ళ ఇంట్లో ఏం జరుగుతుందో మీరే చూస్తారు" అన్నాడు. ఆ వారమే పిన్ని మనవడికి డెంగీ వచ్చింది. ఆ తర్వాత నాలుగు నెలలు ఆవిడ ఆ సంగతి మీద నోరు విప్పలేదు.

అది ఏ మతం అని అడక్కండి. చెప్తే మిగతా మతాలవాళ్ళు "మా దగ్గర ఇలాంటివి ఉండవు" అనుకుని ఇక్కడితో చదవడం ఆపేస్తారు. ఇంటి కూటం నడిపే పాస్టరుగారు కావచ్చు, మేడ మీద సత్సంగం పెట్టే గురువుగారో అమ్మగారో కావచ్చు, తాయెత్తు కట్టే బాబా కావచ్చు. అందరినీ కలిపి నేను పెద్దాయన అంటాను. మిమ్మల్ని భక్తి మానుకోమని చెప్పడం నా పని కాదు. డబ్బు, కాగితాలు, పిల్లలు, మందులు. ఈ నాలుగూ ఆయన చేతిలోకి వెళ్ళిపోయి ఉంటే తిరిగి మీ చేతిలోకి ఎలా తెచ్చుకోవాలో చెప్తాను. ఇందులో వరస ముఖ్యం. మేము వరస తప్పి ముందే గొడవపడ్డాం, దాని ఫలితం కిందెక్కడో వస్తుంది.

చిన్న రసీదు అడిగి చూడండి

బెజవాడ దుర్గ గుడిలో హుండీ లెక్కపెడితే ఎంత వచ్చిందో మర్నాడు పేపర్లో పడుతుంది. గుడికి ఈవో ఉంటారు, ఆయన మీద గొల్లపూడిలో దేవాదాయ శాఖ కమిషనర్ ఆఫీసు ఉంది. గుణదల మేరీమాత క్షేత్రం మీద బిషప్ ఉంటారు. వక్ఫ్ కింద ఉన్న దర్గాకి వక్ఫ్ బోర్డు ఉంటుంది. అక్కడ తప్పులే జరగవని కాదు, జరిగితే ఎవరి గుమ్మం ఎక్కాలో తెలుస్తుంది. అద్దె మేడ మీదో రేకుల షెడ్డులోనో నడిచే అరవైమంది గుంపుకి అలాంటి గుమ్మం లేదు. పెద్దాయనే అధ్యక్షుడు, ఆయన భార్య కోశాధికారి, బావమరిది కార్యదర్శి. ఫిర్యాదు చేస్తే అది తిరిగి తిరిగి ఆయన డైనింగ్ టేబుల్ మీదికే వస్తుంది.

కాబట్టి మొదటి పని చిన్నది. ఈసారి కానుకో దక్షిణో ఇచ్చేటప్పుడు నగదు వద్దు, ఫోన్‌పేలో గాని బ్యాంకులో గాని సంఘం పేరున ఉన్న ఖాతాకి పంపుతానని చెప్పండి, రసీదు అడగండి. పదిమందిలో కాదు, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు, మర్యాదగా. "మా ఆయన లెక్క రాసుకుంటారండీ, చిన్న రసీదు ఇస్తారా?" చాలు. 80జీ మినహాయింపు ఉందని చెప్పుకునే సంస్థ అయితే ఆదాయపు పన్నుకి పనికొచ్చే విరాళం సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన దానికి ఆ మినహాయింపు ఎలాగూ రాదు. కేవలం మతపరమైన పనులకే నడిచే సంస్థలకి సాధారణంగా 80జీ ఉండదు, అది తప్పేమీ కాదు. మామూలు రసీదు ఇవ్వడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు, కిరాణా కొట్టులో దొరికే బిల్లుబుక్కు చాలు.

ఇప్పుడు ఆయన ఏమంటాడో చూడండి. "రసీదు బుక్కు లేదమ్మా, ఇదిగో నోటుబుక్కులో రాస్తున్నా చూడు" అంటే, నా లెక్కలో ఆయన మంచివాడే. "వచ్చే వారం చూద్దాం" అంటే రెండోసారి అడగండి. లెక్క గురించి అడిగితే జవాబు లెక్క గురించి రావాలి. మీ విశ్వాసం గురించి, అహంకారం గురించి, పూర్వజన్మ గురించి, సాతాను గురించి వచ్చిందంటే మీకు కావలసింది తెలిసిపోయినట్టే. ఆయనతో వాదించకండి. "సరేనండీ" అని ఇంటికి వచ్చి తర్వాతి పని మొదలుపెట్టండి.

ఎవరి చేతిలో ఏముందో రాయండి

ఒక తెల్ల కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు ఆయన వల్ల మీకు వచ్చినవి రాయండి: అద్దె ఇల్లు, అబ్బాయి ఉద్యోగం, అమ్మాయికి కుదిర్చిన సంబంధం, ఆయన భార్య నడిపే చీటీ. కుడివైపు మీవి అయ్యుండి ఆయన దగ్గర ఉన్నవి: దేవుడి ముందు పెడతామని తీసుకున్న ఇంటి దస్తావేజు, ఖాళీ ప్రోనోటు మీద పెట్టిన సంతకం, ఏటీఎం కార్డు, నగలు, పిల్లల సర్టిఫికెట్లు.

ఈ కాగితం చూసేదాకా చాలామందికి తాము ఎందుకు భయపడుతున్నారో తెలియదు. దేవుడు శపిస్తాడనే భయం అనుకుంటారు. కాగితం మీద చూస్తే, ఇంకా పాడుకోని రెండు లక్షల చీటీ కనిపిస్తుంది. రిజిస్టర్ చేయని చీటీ నడపడం 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం నేరమే. అయితే అది రేపు ఫిర్యాదులో రాయాల్సిన మాట, ఇవాళ ఆయన భార్య ముఖం మీద అనాల్సిన మాట కాదు.

కుడివైపు ఒకటి ఎవరూ రాయరు. రహస్యాలు. భర్త తాగుడు, కూతురి పాత ప్రేమ, అన్నదమ్ముల ఆస్తి తగాదా, ఎప్పుడో చేసిన పొరపాటు. ఓదార్పు కోసం కన్నీళ్ళు పెట్టుకుని ఆయన దగ్గర చెప్పుకున్నవి. మీరు ఎదురు తిరిగిన రోజు వేదిక మీద నుంచి సగం సగం బయటికి వచ్చేవి అవే. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే. ఆ సంగతి ఇంట్లో నమ్మకమైన ఒక్కరికి ముందు మీరే చెప్పేయండి. కష్టమే, కానీ చెప్పేశాక ఆయన చేతిలో బెదిరింపు మిగలదు. బయట పెడతానని బెదిరించి డబ్బు గుంజితే అది భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద బలవంతపు వసూలు, ఉత్త బెదిరింపైతే 351.

కాగితాలు: దీనికి నెల రోజులు తీసుకోండి

ఇక్కడ తొందరపడితే తర్వాత ఏ పనీ సాగదు. 2002లో హర్యానాలోని ఒక పెద్ద డేరా అధిపతి మీద ఒక సాధ్వి పేరు రాయకుండా ఉత్తరం పంపింది. హైకోర్టు దాన్ని చూసి సీబీఐకి అప్పగించింది. 2017 ఆగస్టులో ఆ అధిపతి గుర్మీత్ రామ్ రహీమ్‌కి అత్యాచారం కేసులో శిక్ష పడింది. పదిహేనేళ్ళు పట్టిందని నిట్టూర్చవచ్చు. నేను మాత్రం, ఆ పదిహేనేళ్ళూ మొదలైంది ఒక ఉత్తరంతో అని చూస్తాను. మనదేమీ అంత పెద్ద వ్యవహారం కాదు గాని, రాసి పెట్టుకోవాల్సిన అవసరం మాత్రం అంతే ఉంది.

రూళ్ళ నోటుబుక్కు ఒకటి కొనండి. గుర్తున్న ప్రతి విషయానికీ నాలుగు సంగతులు రాయండి: ఎప్పుడు, ఎంత, ఎవరి చేతికి, ఎవరు చూస్తుండగా. తేదీ గుర్తు రాకపోతే "పెద్దాడి పదో తరగతి పరీక్షల ముందు", "మిర్చి యార్డుకి సెలవులు ఇచ్చిన వారం" అని రాయండి. అసలు తేదీ తర్వాత దొరుకుతుంది. డబ్బుల విషయంలో మూడు రకాలు విడదీయండి. ఉత్త కానుకగా ఇచ్చింది ఒకటి, చేబదులుగా ఇచ్చింది ఒకటి, ఫలానా పనికని ఇచ్చింది ఒకటి. ఇష్టపడి ఇచ్చిన కానుక తిరిగి రావడం కష్టం. చేబదులుకి మూడేళ్ళ లోపు కోర్టుకి వెళ్ళాలి. శ్లాబుకని ఇచ్చిన నానుతాడు శ్లాబుకి కాక ఆయన కారుకి పోతే అది నమ్మకద్రోహం కిందికి వస్తుంది, 316వ సెక్షన్. అసలు మొదటి నుంచీ అబద్ధం చెప్పి తీసుకుంటే మోసం, 318. ఇవన్నీ 2024 జులై 1 నుంచి జరిగినవాటికి. అంతకు ముందువి పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 406, 420 కిందే నడుస్తాయి.

బ్యాంకుకి వెళ్ళి మూడేళ్ళ స్టేట్‌మెంట్ తీసుకోండి. ఫోన్‌పే, గూగుల్‌పే చరిత్ర డౌన్‌లోడ్ చేసుకోండి. నగలైతే కొన్నప్పటి బిల్లు వెతకండి, లేకపోతే ఆ నగ వేసుకుని దిగిన పెళ్ళి ఫొటో అయినా చాలు. వాట్సాప్ గ్రూపు చాట్‌ని, వాయిస్ మెసేజ్‌లతో సహా, ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. ఇది గ్రూపులో మీరు ఏ ప్రశ్నా వేయకముందే జరగాలి. ప్రశ్న వేసిన పావుగంటలో మెసేజ్‌లు మాయమవడం, మిమ్మల్ని గ్రూపులోంచి తీసేయడం రెండూ జరగొచ్చు. మీతో ఆయన మాట్లాడిన ఫోన్ రికార్డింగ్ ఉంటే ఆ ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. కోర్టు అసలు పరికరం అడగొచ్చు.

ఇంటి దస్తావేజు ఆయన దగ్గర ఉంటే గొడవకి ముందే తెచ్చుకోవాలి. బ్యాంకు లాకర్ తీసుకోండి, తీసుకున్నాక "అన్నీ లాకర్లో పెడుతున్నామండీ" అని అడగండి, అది అబద్ధం కూడా కాదు. ఇవ్వకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ వస్తుంది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా తీయించండి, మీసేవలో అయినా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అయినా. మీకు తెలియకుండా ఆ ఇంటి మీద ఏ దస్తావేజైనా రిజిస్టర్ అయిందేమో అందులో కనిపిస్తుంది. ఎవరికైనా జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) రాసిచ్చి ఉంటే దాన్ని రద్దు చేస్తూ మళ్ళీ రిజిస్టర్ చేయించి, ఆ సంగతి రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయాలి.

నోటుబుక్కు మీ ఇంట్లో ఉంచకండి. ఈ సంఘంతో సంబంధం లేని వేరే ఊరి బంధువు ఇంట్లో ఉంచండి.

లోపల ఉన్న మీ మనిషితో మాట్లాడటం

మేము చేసిన పిచ్చిపని ఇదీ. డెంగీ సంగతి తెలిసిన ఆదివారం విజయవాడ నుంచి నేనూ, మా తమ్ముడూ, మా బావా కారేసుకుని గుంటూరు వెళ్ళాం. పిన్నిని వాళ్ళింటి హాల్లో కూర్చోబెట్టి గంటన్నర వాయించాం. "వాడు దొంగ" అని మా బావ అన్నాడు. "బుద్ధి లేదా నీకు" అని నేను కూడా అన్నాను, ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది. పిన్ని ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత తెలిసిందేంటంటే, పెద్దాయన వాళ్ళకి ఏడాది ముందు నుంచే చెప్తున్నాడట: "ఒకరోజు మీ సొంతవాళ్ళే మీ మీదికి వస్తారు, అప్పుడు నిలబడినవాడే నిజమైన భక్తుడు" అని. ఆయన ముందే చెప్పి ఉంచిన మాటని మా నోళ్ళతో మేమే నిజం చేశాం. రెండు నెలలు పిన్ని మా ఫోన్ ఎత్తలేదు.

మా తమ్ముడు అప్పటికీ ఊరుకోలేదు. పటమటలో నాస్తిక కేంద్రం ఉంది కదా, గోరా గారు 1947లో తెచ్చి పెట్టింది, అక్కడికి ఒకసారి తీసుకెళ్దాం అన్నాడు. నాకు ఆ కేంద్రం మీద గౌరవం ఉంది. కానీ దేవుడి కోసం నానుతాడు ఇచ్చిన మనిషికి ముందు కావలసింది నానుతాడు సంగతి. దేవుడి సంగతి ఆవిడా దేవుడూ చూసుకుంటారు. వద్దన్నాను.

తర్వాత పని చేసింది ఏమిటంటే, నేనొక్కణ్ణే వెళ్ళడం. పనిదినం, మధ్యాహ్నం, ఆవిడ వంటింట్లో గోంగూర ఒలుస్తున్నప్పుడు. ఎదురుగా కూర్చోకుండా పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. పెద్దాయన పేరు ఎత్తలేదు.

"పిన్నీ, ఆ నానుతాడు తూకం ఎంత ఉండేది?"

"నలభై ఎనిమిది గ్రాములు. మీ తాతయ్య చేయించాడు నాన్నా, నా పెళ్ళికి."

"ఎవరి చేతికిచ్చావు?"

"ఆయన భార్య చేతికి. హాల్లోనే."

"అప్పుడు ఇంకెవరున్నారు?"

కాసేపు ఆకులు ఒలిచింది. "ఎదురింటావిడ ఉంది. ఆవిడ గాజులిచ్చింది ఆ రోజే."

నేను నోటుబుక్కు తీసి రాస్తుంటే వద్దంటుందనుకున్నాను. అనలేదు. "తేదీ కూడా రాయి, మీ తమ్ముడి పెళ్ళిరోజుకి ముందు రోజు" అంది. అప్పటిదాకా మేము ఆవిడని ఒప్పించాలని చూశాం. ఆవిడకి కావలసింది ఒప్పించడం కాదు, వినేవాళ్ళు.

మీరు మాట్లాడేటప్పుడు "మోసపోయావు" అనకండి. ఆ మాట ఒప్పుకుంటే తన పదేళ్ళూ దండగని ఒప్పుకున్నట్టు అవుతుంది, ఏ పెద్దావిడా ఒక మధ్యాహ్నంలో అంత ఒప్పుకోదు. "నువ్వు మాట నిలబెట్టుకున్నావు, వాళ్ళు నిలబెట్టుకోలేదు" అనండి. అది నిజం కూడా. శాపం భయం గురించి అడిగితే కొట్టిపారేయకండి. దైవాగ్రహం వస్తుందని నమ్మించి ఒక మనిషి చేత పని చేయించడం, లేదా చేయవలసిన పని మానిపించడం న్యాయ సంహిత 354వ సెక్షన్ ప్రకారం నేరమని, ఏడాది దాకా జైలు ఉండొచ్చని చెప్పండి. అది పెద్ద సెక్షన్ కాదు, ఒక్క దాని మీద పోలీసులు పరిగెత్తుకు రారు. కానీ శాపం పెట్టడం గురించి చట్టంలో రాసి ఉందని విన్నప్పుడు పిన్ని మొహం చూడాల్సింది. "రాశారా? పుస్తకంలో?" అని రెండుసార్లు అడిగింది.

ఒంటి మీద చెయ్యి పడితే, పిల్లలైతే

ఈ వరసంతా పక్కన పెట్టేయండి. నోటుబుక్కు, నెల రోజులు, ఓపిక, ఏవీ వర్తించవు. పెద్దమనుషుల పంచాయతీ అసలే వద్దు. ఇలాంటి చోట పంచాయతీ అంటే ఆయన మనుషులు ఆయన ఇంట్లో కూర్చుని మీ అమ్మాయి పెళ్ళి గురించి మిమ్మల్ని భయపెట్టడమే.

పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలైతే పోక్సో చట్టం, 2012, పిల్లల మీద జరిగే లైంగిక నేరాలకి పెట్టింది. మత సంస్థ నడిపేవాళ్ళు, అక్కడ పనిచేసేవాళ్ళు ఆ సంస్థలోని పిల్లల మీద చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా చూస్తుంది. తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడం కూడా నేరమే. "నాతో రహస్యంగా చెప్పుకున్నారు" అనే మినహాయింపు ఏ గురువుకీ, ఏ పాస్టరుకీ లేదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా 112కి. బిడ్డ ఒకసారి చెప్పింది చాలు, అత్త ముందు ఒకసారి, మామ ముందు ఒకసారి మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. బిడ్డ చెప్పిన మాటలు చెప్పినట్టే, పెద్దల భాషలోకి మార్చకుండా రాసి పెట్టుకోండి. వాంగ్మూలం మీ ఇంట్లోనే తీసుకోమని అడగొచ్చు, తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు, వీలైనంత వరకు మహిళే రావాలి.

పెద్దవాళ్ళైతే మహిళల హెల్ప్‌లైన్ 181. ఆ రోజు వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టండి, స్నానం చేయకముందే ఆసుపత్రికి వెళ్ళండి. గుంటూరు, విజయవాడ రెండు చోట్లా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు ఉన్నాయి, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా ప్రథమ చికిత్స చేయాల్సిందే. నమ్మకం గల స్థానంలో, అధికారంలో ఉన్నవాడు చేసిన అత్యాచారానికి కనీస శిక్షే పదేళ్ళు. ఎంత కోపం వచ్చినా బాధితురాలి పేరు వాట్సాప్‌లో పెట్టకండి. అది బయట పెట్టడం మీ మీద కేసు అవుతుంది.

మందులు

పొట్టిగా చెప్తాను. ప్రార్థన చేసుకోండి, విభూతి పెట్టుకోండి, తాయెత్తు కట్టుకోండి, మాత్ర మాత్రం మానకండి. ఇన్సులిన్, ఫిట్స్ మాత్రలు, టీబీ మందులు, మానసిక వైద్యుడు రాసినవి హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. ఆయన చెప్తే మానేసిన మనిషితో "మందు కూడా దేవుడే ఇచ్చాడు" అనడమే పని చేస్తుంది, వాదన పని చేయదు. షుగరో క్యాన్సరో మంత్రంతో, తాయెత్తుతో నయం చేస్తామని కరపత్రం వేస్తే 1954 నాటి చట్టం ఒకటి దాన్ని నిషేధిస్తుంది. ఆ కరపత్రం పారేయకుండా నోటుబుక్కులో అంటించండి.

సంఘం కాగితం మీద ఎలా ఉందో చూడండి

చిన్న సంఘాలు ఎక్కువగా సొసైటీగా రిజిస్టర్ అవుతాయి, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం కింద, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర. పేరు, నంబరు తెలిస్తే నియమావళి నకలు, ఏటా ఇవ్వాల్సిన కార్యవర్గం జాబితా అడిగి తీసుకోవచ్చు. జాబితాలో మీ సంతకం మీరు పెట్టకుండానే ఉండొచ్చు, చూసి ఆశ్చర్యపోకండి. ఒక జిరాక్స్ తీసుకోండి. సభ్యులైతే నిర్వహణ తగాదా మీద జిల్లా కోర్టుకి వెళ్ళే హక్కు అదే చట్టంలో ఉంది. ట్రస్టు అయితే ట్రస్టు డీడు సబ్ రిజిస్ట్రార్ దగ్గర దొరుకుతుంది. విదేశీ డబ్బు వస్తోందని గొప్పగా చెప్పుకుంటే, కేంద్ర హోంశాఖ ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) వెబ్‌సైట్‌లో ఆ పేరు ఉందో లేదో చూడండి. అనుమతి ఉన్న సంస్థకి ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. ఇక్కడి ఆయన సొంత ఖాతాకి నేరుగా వస్తోందంటే అది వేరే కథ.

డబ్బు అడగడం, ఫిర్యాదు

ముందు ఒక ఉత్తరం. తిట్లు లేకుండా, తేదీలు, మొత్తాలు రాసి, పదిహేను రోజుల గడువుతో, రిజిస్టర్డ్ పోస్టులో. లాయరు ద్వారా పంపితే మంచిది. ఫీజు లేదని ఆగకండి. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, విజయవాడ కోర్టుల్లోనూ న్యాయ సేవల కార్యాలయం ఉంది. ఆడవాళ్ళకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. ఫోను 15100.

స్టేషన్‌లో మొదట వినిపించే మాట "ఇది సివిల్ మేటర్ అమ్మా" అని. అందుకే ఫిర్యాదులో "మమ్మల్ని మోసం చేశాడు" అని రాయడం కంటే, ఫలానా తేదీన శ్లాబుకని చెప్పి తీసుకున్నాడు, శ్లాబు పడలేదు, నగ ఏమైందని అడిగితే ఇలా బెదిరించాడు అని వరసగా రాయండి. ఏ స్టేషన్‌లో ఇచ్చినా తీసుకోవాలి, పరిధి మాది కాదనకూడదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే గుంటూరులో ఎస్పీకి, విజయవాడలో పోలీస్ కమిషనర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అదీ కాకపోతే మేజిస్ట్రేట్. సోమవారం గ్రీవెన్స్‌లో కూడా ఇవ్వొచ్చు, అర్జీ నంబరు అడిగి తీసుకోండి.

ఇల్లు దానంగా రాసిచ్చేశారా? రిజిస్టర్ అయిన దానపత్రాన్ని మీ అంతట మీరు రద్దు చేయలేరు, కోర్టుకి వెళ్ళాలి. సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్ళ లోపు. అయిపోయింది కదా అని వదలకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే, మనసు మీద పట్టు ఉన్న మనిషి ఆ పట్టుతో రాయించుకుంటే దాన్ని రద్దు చేయించుకోవచ్చని ఉంది. పరలోకంలో మేలు జరుగుతుందని నమ్మి ఒక వృద్ధుడు ఆస్తినంతా తన గురువుకి రాసిచ్చిన కేసు 1890లోనే అలహాబాద్ హైకోర్టుకి వెళ్ళింది, ఆ దానం నిలబడలేదు. పెద్దవాళ్ళని చూసుకుంటామనే షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆర్డీవో దగ్గర, 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద కూడా అడగొచ్చు.

మా పిన్ని నానుతాడు రాలేదు. నోటీసు అందిన పన్నెండో రోజున ఆయన బావమరిది లక్షా ఎనభై వేలు తెచ్చి, "అప్పుగా తీసుకున్నది" అని రాయించుకుని ఇచ్చివెళ్ళాడు. పూర్తి లెక్క కాదు. మిగతాదాని మీద మా లాయరు, మేము ఇంకా తర్జనభర్జన పడుతున్నాం.

బయటికి వచ్చాక

ఒకేసారి ప్రకటన చేసి రావద్దు. ముందు చీటీ, తర్వాత కాగితాలు, తర్వాత పిల్లల ట్యూషను, ఆఖరున శుక్రవారం. వాట్సాప్ గ్రూపులో వీడ్కోలు ఉపన్యాసం రాయకండి, మీరు రాసింది ఆయనకి మీ మీద వేసే పరువునష్టం కేసుకి పనికొస్తుంది. మ్యూట్ చేసి ఊరుకోండి.

అందరూ మరిచిపోయేది ఖాళీ. పదేళ్ళు శుక్రవారం సాయంత్రం ఆరింటికి చీర మార్చుకుని బయల్దేరిన మనిషికి ఆరున్నరకి ఏం చేయాలో తెలియదు. మొదటి రెండు నెలలు పిన్ని ఆ వేళకి గుమ్మంలో కూర్చునేది. నేను బస్సెక్కి వెళ్ళేవాణ్ణి, వెళ్ళలేని వారం మా ఆవిడ ఫోన్ చేసేది. నిద్ర పట్టకపోవడం, శాపం తగులుతుందన్న వణుకు ఎక్కువైతే 14416కి ఫోన్ చేయండి, టెలిమానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పిన్ని మాట్లాడింది, రెండుసార్లు.

ఇంకొకటి, లోపల మిగిలినవాళ్ళతో మాటలు మానేయకండి. రోడ్డు మీద వాళ్ళు మొహం తిప్పుకుంటారు, అలా చేయమని వాళ్ళకి చెప్పి ఉంటారు. మీరు తిప్పుకోవద్దు. మొన్న రాత్రి పదిన్నరకి పిన్నికి ఎదురింటావిడ ఫోన్ చేసింది, ఎదురుగా ఉండి కూడా ఫోనే. గొంతు తగ్గించి, "ఆ రోజు నా గాజులు కూడా నువ్వు చూశావు కదా వదినా, నీ పుస్తకంలో రాశావా?" అని అడిగిందట.

"రాయించా. తూకం ఎంతో చెప్పు" అంది పిన్ని.